అప్పమ్మ తోమిన గిన్నెలు

శ్రీకాకుళం జిల్లాలో తమకొక ఊరుందని అప్పమ్మ చిన్నప్పటినుంచీ వింటూ వచ్చింది గానీ, పెళ్ళయ్యాక ఒకసారి వెళ్ళి చూసేదాకా నమ్మలేదు. చూసొచ్చాక మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పుట్టింది కలకత్తాలో, పెరిగింది కలకత్తాలో. బేరమాడితే బెంగాలీలో, తిడితే హిందీలో, ఏడిస్తే మాత్రం తెలుగులో. తాత ఈ నగరం వీధులు ఊడ్చాడు. తండ్రి బంగారయ్య మురుగు కాలవలు తీశాడు. మొగుడు దేముడు ఇంకా కిందికి దిగి, నడిరోడ్డు మీద ఇనప మూత ఎత్తి, భూమి లోపలి గొట్టాల్లో పూడిక తోడేవాడు. తరం మారేకొద్దీ మనుషులు పైకొస్తారని చెబుతుంటారు. వీళ్ళు మాత్రం తరానికింత చొప్పున కిందికి దిగారు. భవానీపూర్ పెద్ద రోడ్డు వెనక, కార్పొరేషన్ ఇచ్చిన ఒంటిగది ఇళ్ళ వరసలో వాళ్ళ కాపురం. అలాంటి మురికివాడని అక్కడ బస్తీ అంటారు.

ఆ వరసలో ఆడవాళ్ళకు ఒక పట్టింపు ఉండేది. ఏ గిన్నె అయినా పిడకల బూడిద తగిలితేనే శుద్ధి. సబ్బుతో తోమిన గిన్నె చూపుకి శుభ్రమే కానీ ఎంగిలి పోదని వాళ్ళ నమ్మకం. పొయ్యిలోకి పిడకలే కాబట్టి బూడిదకు కరువు లేదు. కొబ్బరి పీచు, గుప్పెడు బూడిద, మోచేతి బలం, ఇంతే సరంజామా. అప్పమ్మ తల్లి గురవమ్మ తోమిన కంచంలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని ఆ చుట్టుపక్కల పేరు. ఆవిడ కూతురికి వేరే ఆస్తి ఏమీ ఇవ్వలేదు గానీ ఒక మాట ఇచ్చి పోయింది.

"మన సేతులు మురికని నోకం ముందే అనేసుకుంది. మనం తోమిన గిన్నెలో మాత్రం ఎవులికీ మరక కనపడకూడదు."

ఎర్ర జెండాల ప్రభుత్వం వచ్చిన కొత్తలో, అందరూ దాదా అని పిలిచే ఒక యూనియన్ నాయకుడి సిఫారసుతో అప్పమ్మకు పని దొరికింది. ఊరికి దక్షిణాన ఒక పింగాణీ పరిశోధనాశాల ఉండేది. ఇళ్ళలో వాడే పింగాణీ కాదు, కరెంటు తీగలకు, రేడియోలకు, పెద్ద యంత్రాలకు కావలసిన గట్టి పింగాణీ. అక్కడ గాజు బీకర్లు, కాల్చడానికి వాడే చిన్న చిన్న తెల్లటి గిన్నెలు కడగడం అప్పమ్మ ఉద్యోగం. ఆ గిన్నెల్ని వాళ్ళు క్రూసిబుళ్ళు అనేవాళ్ళు. అందరూ ఆమెను మాసీ, అంటే పిన్నీ, అని పిలిచేవారు. టీ కప్పులు మాత్రం ముట్టుకోవద్దని హెడ్ గుమాస్తా మొదటిరోజే చెప్పాడు. దేశానికి పనికొచ్చే ప్రయోగాల గిన్నెలు తోమొచ్చు, ఆయన మూతికి తగిలే కప్పు తోమకూడదు. ఇదెక్కడి న్యాయమని అడిగే చదువు అప్పమ్మకు లేదు. చదువున్నవాళ్ళకు అడిగే ఉద్దేశం లేదు.

గిన్నెలు కడగడానికి స్టోర్సు నుంచి సబ్బుపొడి ఇచ్చేవారు. ఇచ్చేవారంటే, కాగితం మీద ఇచ్చేవారు. పొడి మాత్రం స్టోర్సు వాళ్ళ ఇళ్ళకే నడిచిపోయేది. అప్పమ్మ దాని కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడలేదు. ఇంటి దగ్గర జల్లించిన బూడిద పాత డబ్బాలో తెచ్చుకుని, సింకు పక్కన పెట్టుకుని తోమడం మొదలుపెట్టింది. పని చూసినవాళ్ళకు వంక పెట్టడానికి దొరకలేదు. ఆమె తోమిన బీకరు వెలుతురుకి ఎత్తి చూస్తే చేతిలో గాజు ఉందో లేదో తెలిసేది కాదు.

మంగాదేవి వచ్చింది ఆ తర్వాత కొన్నేళ్ళకు. బ్యాంకు ఆఫీసరు రఘురాం గారి అమ్మాయి. తండ్రికి కలకత్తా బదిలీ అయితే, ఎమ్మెస్సీ చేతపట్టుకుని ఇక్కడ పరిశోధనకు చేరింది. మొదటిరోజు ఆ పిల్ల తనలో తాను తెలుగులో గొణుక్కుంటుంటే సింకు దగ్గరున్న అప్పమ్మ ఉలిక్కిపడింది. ఆ భవనంలో తెలుగు వినడం అదే మొదలు. "మీది మన్దేశమేటమ్మా?" అని అడిగేసరికి మంగాదేవి మొహం విచ్చుకుంది. ఆ వారమంతా ఇద్దరూ మాటలే మాటలు. మెట్రో కోసం భవానీపూర్‌లో తవ్వి పోసిన గోతుల గురించి, దొరకని చింతపండు గురించి, పెసరట్టు మొహం చూసి ఎన్నాళ్ళయిందో అన్న సంగతి గురించి.

ఆ వారం చివర్లోనే ఆ మాట కూడా వచ్చింది. మంగాదేవి చేతులు కడుక్కోవడానికి సింకు దగ్గరికొచ్చి, డబ్బాలోకి తొంగి చూసింది.

"ఇదేంటి, పేడ బూడిదా? ఛీ. బస్తీ మురికి ఇక్కడికి తేకు అప్పమ్మా. ఇందులోది ఒక్క రవ్వ పడినా నా పనంతా పాడైపోతుంది."

కోపంగా అనలేదు. ఈగను తోలినట్టు అని, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది, మరో గంటలో మరిచిపోయింది. అప్పమ్మకు మాత్రం మొహమంతా వేడెక్కింది. హెడ్ గుమాస్తా కప్పుల గురించి అన్నప్పుడు ఇంత నొప్పి కలగలేదు, ఎందుకంటే అతను బయటివాడు. డబ్బా తీసుకెళ్ళి పెరట్లో పారబోసింది. రెండు రోజులు వట్టి నీళ్ళతో కడిగింది. బీకర్ల అడుగున పొర కనిపిస్తుంటే తల్లి మాట చెవిలో రొద పెట్టింది. మూడోనాడు బూడిద మళ్ళీ వచ్చింది, ఈసారి డబ్బాలో కాదు, గుడ్డలో మూటగట్టి కొంగు లోపల. మంగాదేవి వచ్చేలోపు తోమడం అయిపోయేది, మూట మాయమయ్యేది. మురికి మనిషి అనిపించుకోకూడదని, మురికి అన్నదాంతోనే చాటుగా తోమింది. అందులో ఉన్న చిక్కు ఆమెకు తట్టలేదు, తట్టే వీలూ లేదు.

మంగాదేవి చేసే పని వింతగా ఉండేది. మిగతావాళ్ళు పొడులు కలిపి కాల్చేవారు, ఈమె ఒక్కతే ద్రవంతో మొదలుపెట్టేది. విదేశం నుంచి నెలల తరబడి ఎదురుచూస్తే వచ్చే ఒక సిలికాన్ ద్రవం, సారాయి వాసన వేసేది. దాంట్లో మెగ్నీషియం ఉప్పు కరిగించిన నీళ్ళు చుక్క చుక్కగా వేసి కలుపుతూ కూర్చునేది. మొదట నీళ్ళలా ఉన్నది పోనుపోను చిక్కబడి, గంజి పేరుకున్నట్టు బీకరులోనే గడ్డకట్టేది. దాన్ని ఆరబెడితే పగిలి అద్దం ముక్కల్లా అయ్యేది. నూరితే తెల్లటి పొడి. ఆ పొడిని క్రూసిబుల్‌లో పోసి కొలిమిలో కాల్చాలి. బాగా కాలితే అది మెగ్నీషియం సిలికేట్ స్ఫటికంగా మారుతుంది. కరెంటు బయటికి పాకకుండా ఆపే పింగాణీకి అలాంటి పొడి కావాలి.

ఒకసారి అప్పమ్మ, కాల్చకముందూ తెలుపే, కాల్చాకా తెలుపే, ఇంతోటిదానికి ఈ తిప్పలేమిటని అడిగింది. మంగాదేవి నవ్వి, కాల్చకముందు పొడి సంతలో జనంలాగా ఎటుపడితే అటు ఉంటుందని, కాల్చాక రేషను షాపు ముందు నిలబడ్డట్టు వరస కడుతుందని చెప్పింది. ఎక్స్‌రే మిషన్‌లో పెడితే వరస కట్టిందో లేదో తెలుస్తుందట. కడితే కాగితం మీద కొబ్బరీనెలు నిలబెట్టినట్టు గీతలు లేస్తాయి. కట్టకపోతే ఒక బోడి దిబ్బ కనిపిస్తుంది, అంతే.

"గెంటి నిలబెట్టేవోడు ఒకడుండాల గదమ్మా వరసకి," అంది అప్పమ్మ.

"వేడి. వేడే గెంటుతుంది."

ఆ వేడే అక్కడి దుఃఖం. పొడి సరిగా వరస కట్టాలంటే కొలిమి చాలా ఎక్కువ వేడిలో, చాలాసేపు నిలకడగా ఉండాలి. ఆ రోజుల్లో కలకత్తాలో కరెంటుకు నిలకడ ఎక్కడిది? లోడ్ షెడింగ్ ఎప్పుడొస్తుందో కరెంటు ఆఫీసుకే తెలియదు. కొలిమి వేడెక్కీ ఎక్కకముందే ఆరిపోయేది. చల్లారిన పొడి సగం ఒకటి, సగం ఇంకొకటి. పరిశోధకులంతా తలలు పట్టుకుని కూర్చునేవారు.

అలాంటిచోట మంగాదేవి పొడి ఒక్కటే తక్కువ వేడికే వరస కట్టింది. మిగతా వాళ్ళకు కావలసిన వేడికి చాలా కిందనే, రెండు కరెంటు కోతల నడుమ దొరికే కాస్త వ్యవధిలోనే, ఎక్స్‌రే కాగితం మీద గీతలు నిటారుగా లేచి నిలబడ్డాయి. మళ్ళీ చేసింది, మళ్ళీ వచ్చింది. ఏడాది పొడుగునా చేసింది, వస్తూనే ఉంది. ఆమె గైడు మృత్యుంజయ సార్ ఆ కాగితాలు జేబులో పెట్టుకుని కనిపించినవాడికల్లా చూపించాడు. తోటివాళ్ళు దానికి 'లోడ్ షెడింగ్ పొడి' అని పేరు పెట్టి ఏడిపించారు. ఏడిపింపులో అసూయ ఉంది, మెప్పూ ఉంది. ఎందుకలా అవుతోందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. తను చుక్కలు వేసే తీరులో ఏదో ఉందని మంగాదేవి అనుకుంది, థీసిస్‌లో అలాగే రాసింది.

ఆ రోజుల్లో ఆ అమ్మాయిని చూస్తే అప్పమ్మకు కడుపు నిండేది. తన సొంత కొడుకు నరసయ్య కార్పొరేషన్ స్కూల్లో అయిదో క్లాసు దాటలేదు. ఈ పిల్ల ఏదో పెద్దది చేస్తోందని, అది తను తోమిన గిన్నెల్లో జరుగుతోందని ఇంటికెళ్ళి మొగుడు దేముడికి చెప్పుకునేది. డిగ్రీ రాగానే ఆ పరిశోధనాశాలలోనే పర్మనెంటు ఉద్యోగమని మృత్యుంజయ సార్ మాట ఇచ్చాడు. మంగాదేవికి ఇంకేమీ అక్కర్లేదు, ఆ బల్ల, ఆ కొలిమి చాలు. తండ్రికి మళ్ళీ బదిలీ అయితే తల్లి దుర్గాంబ వెంట వెళ్ళిపోయింది, ఈమె మాత్రం గది అద్దెకు తీసుకుని ఉండిపోయింది.

థీసిస్ పరీక్షకుడు వేరే రాష్ట్రం వాడు. మంచివాడో చెడ్డవాడో తెలియదు గానీ శ్రద్ధగలవాడు. థీసిస్ చదివి ఊరుకోకుండా తన ప్రయోగశాలలో అదే పొడి చేసి చూశాడు. అంత తక్కువ వేడికి వరస కట్టలేదు. మళ్ళీ చేశాడు, కట్టలేదు. ఫలితాలు నమ్మదగ్గవిగా లేవని ఉత్తరం రాశాడు. మృత్యుంజయ సార్ మండిపడి, మీరే వచ్చి మా అమ్మాయి చేస్తుండగా కళ్ళారా చూడండని సవాలు చేశాడు. ఒక కమిటీ వేశారు. వాళ్ళ ఎదుట, కొత్త గిన్నెలతో, మొదటినుంచీ చివరిదాకా చేసి చూపించాలి. వస్తే డిగ్రీ, ఉద్యోగం. రాకపోతే ఏమిటో ఎవరూ అనలేదు, అందరికీ తెలుసు.

ముందురోజు మంగాదేవి పెట్టెలోంచి కొత్త బీకర్లు, క్రూసిబుళ్ళు తీసి అప్పమ్మ చేతిలో పెట్టింది.

"రేపు నా బతుకంతా ఈ గిన్నెల్లోనే ఉంది అప్పమ్మా. ఎప్పటికన్నా శుభ్రంగా తోము."

అప్పమ్మ ఆ మాటను తలమీద పెట్టుకుంది. ఎప్పటికన్నా శుభ్రంగా అంటే ఎలా? రోజూ తోమేది బూడిదతో, ఆ బూడిద మురికని ఈ నోటే అంది. ఒక్క రవ్వ పడినా పాడైపోతుందని అంది. ఇన్నాళ్ళూ ఏ దేవుడో కాపాడాడు, రేపు పెద్దపెద్దవాళ్ళు వస్తున్నారు. ఏ రవ్వయినా మిగిలి, అది వాళ్ళ కంట పడితే? అప్పమ్మ ఇంటికెళ్ళి కొంగులో మూట విప్పి పొయ్యిలోనే పోసేసింది. పొద్దున్నే బజారులో తన డబ్బులతో కొత్త సబ్బుపొడి పొట్లం కొంది. ఆ పొడితో బీకర్లన్నీ, క్రూసిబుళ్ళన్నీ తోమి, సీసాల్లో దాచుకునే శుద్ధమైన నీళ్ళు అడిగి తెచ్చి కడిగింది, మళ్ళీ కడిగింది. చంటిపిల్లకు తలంటినంత ప్రేమగా కడిగింది. ఆరబెట్టిన గిన్నెల వరస చూసి, జన్మలో ఇంత బాగా ఎప్పుడూ తోమలేదనుకుంది. అది నిజమే.

కమిటీవాళ్ళు పొడి తయారైనంతసేపూ గది తాళం తమ దగ్గరే ఉంచుకున్నారు. బీకరులో ద్రవం ఎప్పుడూ గడ్డకట్టే వేళకు కట్టలేదు. మంగాదేవి గడియారం చూసుకుంటూ ఇంకా కలిపింది. చాలా ఆలస్యంగా కట్టింది. ఆరబెట్టారు, నూరారు, థీసిస్‌లో చెప్పిన తక్కువ వేడికే కొలిమిలో కాల్చారు. విచిత్రం, ఆ రోజు కరెంటు కూడా పోలేదు. తీసి ఎక్స్‌రేకి పంపారు. తిరిగొచ్చిన కాగితం మీద గీతల్లేవు. బోడి దిబ్బ ఒక్కటే ఉంది.

ఆ కాగితం ఒకరి చేతినుంచి ఒకరి చేతికి వెళ్ళింది. తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ అప్పమ్మకు ఆ దిబ్బ దూరం నుంచే కనిపించింది. దాని అర్థం ఆమెకు తెలుసు. ఆ కాగితంలో సంగతి అర్థమైన మనుషుల్లో చదువు రానిది తనొక్కతే, అది ఆ రోజు ఆమెకు ఏ సంతోషమూ ఇవ్వలేదు.

తర్వాత జరిగిందంతా చకచకా జరిగిపోయింది. మార్కెట్లో దొరికే తయారు స్ఫటికం పొడిలో కలిపి పాత కాగితాలు సృష్టించిందని ఎవరో అన్నారు. అన్నది ఎవరో తెలియలేదు గానీ రెండు రోజుల్లో అందరూ అన్నారు. లోడ్ షెడింగ్ పొడి పేరు మారి 'జాదూ పొడి' అయింది. మృత్యుంజయ సార్ పరువు కోసం మొదట గిన్నెల మీద అరిచాడు. ఎవరో సరిగా కడగలేదని, పాత మకిలి ఏదో ఉండిపోయిందని. ఆ అరుపు తన గురించేనని అప్పమ్మకు అర్థమైంది.

ఆ సాయంత్రం మంగాదేవి ఆమెను పక్కకు పిలిచి అడిగింది, ఈసారి ఏమైనా వేరేగా చేశావా అని. గొంతులో నిందేమీ లేదు, ఒక గడ్డిపోచ దొరుకుతుందేమోనన్న ఆశ మాత్రం ఉంది.

"నేదమ్మా. శుబ్బరంగానే తోమినాను."

అంతే చెప్పింది. అప్పమ్మ మనసులో ఇంకోటి తిరుగుతోంది. ఇన్నేళ్ళూ కొంగులో తెచ్చిన బూడిద ఆ గదిలో, ఆ బల్లల మీద, ఆ కొలిమిలో ఎక్కడో పేరుకుని ఉంటుందని, అదే ఈరోజు తన పని తాను చేసిందని. బస్తీ మురికి ఒక పిల్ల బతుకుని తినేసిందని. అది చెప్పడానికి నోరు రాలేదు. చెబితే ఛీ అంటుంది. ఈసారి ఈగను తోలినట్టు అనదు.

ఆ రోజు నుంచీ అప్పమ్మ పరిశోధనాశాలకు చిటికెడు బూడిద తేలేదు. యూనియన్ దాదాను పట్టుకుని, స్టోర్సు వాళ్ళతో పోట్లాడి, సబ్బుపొడి రాబట్టింది. ఆసిడ్ నీళ్ళతో కడగడం నేర్చుకుంది, చేతులు పొట్టు లేచాయి. మంగాదేవి మాత్రం ఆ పొడి మళ్ళీ మళ్ళీ చేసింది. నెలల తరబడి చేసింది. విదేశీ ద్రవం అయిపోతే సొంత డబ్బుతో తెప్పించుకుని మరీ చేసింది. ప్రతిసారీ దిబ్బే వచ్చింది. ఎంత శుభ్రమైన గిన్నె ఇస్తే అంత నున్నటి దిబ్బ. పోనుపోను ఆమె చూపు మారింది. ఎవరైనా అబద్ధాలకోరు అంటే ముందు ఏడ్చేది, తర్వాత కోప్పడేది, చివరికి తలూపడం మొదలుపెట్టింది. ఒకరోజు గిన్నెలు అప్పగిస్తూ, తనే ఏదో చూసి ఏదో అనుకుని ఉంటానని, బహుశా ఆ గీతలు ఎప్పుడూ లేవేమోనని అప్పమ్మతో అంది. ఆ మర్నాటి నుంచి రాలేదు.

ఊరి శివార్లలో ఉన్న బజ్ బజ్‌లో ఒక బడిలో సైన్సు పంతులమ్మగా చేరిందని తెలిసింది. రోజూ లోకల్ రైల్లో వెళ్ళి వస్తుందట. పెళ్ళి చేసుకోలేదు. అప్పమ్మ ఒకటి రెండుసార్లు భవానీపూర్ బజారులో ఆమెను దూరం నుంచి చూసి, కూరల బుట్ట మొహానికి అడ్డం పెట్టుకుని పక్క సందులోకి తిరిగిపోయింది. చేసిన పాపం మనిషి రూపంలో ఎదురొస్తే ఎవరు నిలబడగలరు?

ఏళ్ళు గడిచాయి. మెట్రో భూమి కింద పరుగులు పెట్టింది, కరెంటు కోతలు తగ్గాయి, ఎర్ర జెండాలు రంగు వెలిసినా దిగలేదు. ఒక వర్షాకాలం దేముడు మూత ఎత్తి లోపలికి దిగాడు, పైకి రాలేదు. లోపల గాలి విషమైపోయిందన్నారు. అతన్ని తీయడానికి దిగిన తోటి పనివాడు పోలిరాజు కూడా అక్కడే ఉండిపోయాడు. బెంగాలీ పేపరు లోపలి పేజీలో చిన్న వార్త వేసింది. కార్పొరేషన్ వాళ్ళు ఒక దండ పంపారు.

ఆ వార్త చూసి, కర్మ అయిపోయిన తర్వాత ఒక ఆదివారం మంగాదేవి వచ్చింది. జుట్టు చాలావరకు నెరిసిపోయింది, కళ్ళద్దాలు వచ్చాయి. గుమ్మంలో ఆమెను చూసి అప్పమ్మ లేవబోయి, ఎటు పోవాలో తోచక కూర్చుండిపోయింది. పారిపోవడానికి ఈసారి పక్క సందు లేదు. మంగాదేవి పీట మీద కూర్చుని దేముడి గురించి అడిగింది, అతను ఎప్పుడో తమ ఇంటి కాలవ పూడిక తీసి పైసా పుచ్చుకోని సంగతి గుర్తు చేసింది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. ఆ ఏడుపు అప్పమ్మకు తేలికనిచ్చింది.

టీ తాగి వెళ్ళాలని పట్టుబట్టింది. కోడలు అమ్మన్నమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గాజు గ్లాసుని అప్పమ్మ స్వయంగా తీసుకుంది. వచ్చింది మామూలు మనిషా? పొయ్యి పక్కనుంచి గుప్పెడు బూడిద తీసి, పీచు ముంచి, గ్లాసుని గుండ్రంగా తిప్పుతూ తోమింది. పాత చేయి, పాత వాటం. కడిగి, వెలుతురుకి ఎత్తి చూసుకుంది.

మంగాదేవి ఆ చేతినే చూస్తోంది.

"ల్యాబులో కూడా దీంతోనే తోమేదానివా?"

ఇన్నేళ్ళు దాచింది ఒక గ్లాసు బయటపెట్టేసింది. ఇంక దాచి లాభం లేదనుకుంది. కనీసం ఆ ఒక్కరోజు తప్పు తనది కాదని అయినా చెప్పుకోవాలనుకుంది.

"తోమినానమ్మా. మీరొద్దన్నాక కూడా తోమినాను, రోజూ తోమినాను. కానీ ఆ పరీచ్చ రోజు మాత్రం, ఒట్టు, ఒక్క రవ్వ తగలనీనేదు. కొత్త పొడి కొన్నాను, సీసా నీళ్ళతో కడిగినాను. ఆ తరవాత మరింకెప్పుడూ తేనేదు. నమ్మండమ్మా."

మంగాదేవి నమ్మింది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాత, రోజూ తోమావా, కొత్త గిన్నెలు కూడా వాడకముందు తోమేదానివా, పరీక్ష తర్వాత అస్సలు వాడలేదా అని, బళ్ళో పిల్లను అడిగినట్టు ఒక్కొక్కటే నెమ్మదిగా అడిగింది. అప్పమ్మ ఒక్కొక్కదానికే తలూపింది.

"అయితే నేను చూసింది నిజమే," అంది మంగాదేవి చివరికి. "నేను అబద్ధం ఆడలేదు."

అది అప్పమ్మతో అన్న మాట కాదు. తర్వాత అప్పమ్మ వైపు తిరిగి, తేలిక మాటల్లో చెప్పింది. బూడిదలో ఒక క్షారం ఉంటుంది. వట్టి నీళ్ళతో గిన్నె ఎంత కడిగినా దాని పూత సన్నగా మిగిలే ఉంటుంది. అది తగిలితే ద్రవం త్వరగా గడ్డకడుతుంది, పొడి తక్కువ వేడికే వరస కట్టేస్తుంది. అన్నాళ్ళూ పొడిని గెంటి వరసలో నిలబెట్టింది వట్టి వేడి కాదు, తన చేతి చలవ కాదు, అప్పమ్మ కొంగులో మూట. అది మురికీ కాదు, పాడు చేసిందీ లేదు. పాడైంది అది లేనిరోజునే.

"ఈ సంగతి అప్పుడు తెలిసుంటే ఇదే నా థీసిస్ అయ్యేది. ఇంకా పెద్ద థీసిస్ అయ్యేది. నేను నిన్ను అడిగాను కదా అప్పమ్మా. ఎందుకు చెప్పలేదు?"

అప్పమ్మ చేతిలో గ్లాసు కిందపెట్టింది. ఇన్నేళ్ళుగా తన బూడిద ఒక పిల్లను ముంచిందని కుమిలింది. ముంచింది బూడిద కాదట, బూడిద మానేయడమట. ప్రేమకొద్దీ తోమిన ఆ ఒక్కరోజు తోమడమే ముంచిందట. అంతకన్నా ఎక్కువ ముంచినవి ఆ తర్వాత నెలల తరబడి చేతులు కాలేలా కడిగిన కడుగులు. ఈ పిల్ల ప్రయోగం మీద ప్రయోగం చేసి తన మీద తనే నమ్మకం పోగొట్టుకుంటుంటే, ప్రతిసారీ గిన్నె నున్నగా తోమి అందించింది తనే.

"మీరే అన్నారు గదమ్మా. ఛీ, బస్తీ మురికి ఇక్కడికి తేకు అని. అన్నాక ఎలగ సెప్పీది?"

"నేనా?" అంది మంగాదేవి. "నేనలా అన్నానా?"

ఆమెకు నిజంగానే గుర్తులేదు. కళ్ళు మూసుకుని వెతుక్కుంది, దొరకలేదు. అంటుంటామే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వందసార్లు అంటుంటామే అలాంటి మాట. అది ఒకరి నోరు కుట్టేసి, తిరిగొచ్చి తన బతుకు మీదే పడిందని ఇప్పుడు తెలిసింది. ఎవర్ని తిట్టాలో తెలియని కోపం ఆ గదిలో ఇద్దరి మధ్యా కాసేపు నిలబడింది. అమ్మన్నమ్మ టీ పోసి తెచ్చి ఇచ్చింది. మంగాదేవి గ్లాసు అందుకుని ఒళ్ళో పట్టుకుంది. టీ మీద మీగడ కట్టింది. చీకటిపడే వేళకు గ్లాసు నేలమీద పెట్టి, అప్పమ్మ భుజం మీద చెయ్యి వేసి, వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

టీ నిండుగా అలాగే ఉంది. తాగకపోవడం దుఃఖంతోనో, బూడిద గ్లాసు అనో అప్పమ్మ తేల్చుకోలేకపోయింది. దుఃఖమేనని మనసు చెప్పింది. మరో మూల ఇంకోటి కూడా చెప్పింది.

కోడలు ఆ గ్లాసు తీసి బూడిదలోకి చెయ్యి పెట్టబోతే అప్పమ్మ ఆపింది. వట్టి నీళ్ళతో తనే కడిగి బోర్లించింది. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో గిన్నెలకు బూడిద తగలనివ్వలేదు. సబ్బూ కొననివ్వలేదు. గురవమ్మ కూతురి ఇంట కంచాలు మసకబారాయి, గిన్నెల అడుగులు నల్లగా పేరుకున్నాయి. మొగుడు పోయాక ముసలిదానికి మతి చలించిందని వరసలో వాళ్ళంతా అనుకున్నారు. రోజూ పొయ్యిలో బూడిద అప్పమ్మే ఎత్తి, రెండు చేతులా మోసుకెళ్ళి, దేముడు దిగిన ఆ ఇనప మూత పక్కన పోసి వచ్చేది.